క్లాష్ లేని పరీక్షల టైంటేబుల్: నామినల్ రోల్ నుంచి హ్యూరిస్టిక్ దాకా

డిగ్రీ మూడో సెమిస్టర్ చదువుతూ, మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ ఇంకా మిగిలి ఉన్న విద్యార్థి ఒకే పరీక్షల కాలంలో రెండు సెమిస్టర్ల పేపర్లు రాయవలసి వస్తుంది. ఒకటి, మూడు, ఐదు సెమిస్టర్ల పరీక్షలు ఒకే ఊపులో జరుగుతాయి కాబట్టి, ఏ సెమిస్టర్‌కు ఆ సెమిస్టర్ టైంటేబుల్ విడిగా చక్కగా కుదిరినా, ఆ విద్యార్థి విషయంలో రెండు పేపర్లు ఒకే రోజు ఒకే గంటకు వచ్చి పడే ప్రమాదం, అంటే క్లాష్, ఉంటుంది. ఆ ప్రమాదాన్ని ముందే కనిపెట్టి, తక్కువ రోజుల్లో, పిల్లలకు చదువుకునే వ్యవధి మిగిలేటట్టు పట్టిక వేయడానికి హ్యూరిస్టిక్ పద్ధతులు ఎలా పనికివస్తాయో ఇక్కడ వివరిస్తాను. హ్యూరిస్టిక్ అంటే అత్యుత్తమ సమాధానం దొరుకుతుందన్న హామీ ఇవ్వకుండా, మంచి సమాధానాన్ని త్వరగా ఇచ్చే ఉపాయం.

మన ప్రాంతంలో ఈ పని రెండు స్థాయిల్లో జరుగుతుంది. 2007లో ఏర్పడిన నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలో నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల కళాశాలలు ఉన్నాయి; 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం కిందికి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు వస్తాయి. అనుబంధ కళాశాలలన్నింటికీ ప్రశ్నపత్రం ఒకటే కాబట్టి ఒక పేపర్ అన్ని కేంద్రాల్లోనూ ఒకే గంటకు మొదలుకావాలి. స్వయంప్రతిపత్తి గల కళాశాల మాత్రం తన పట్టికను తానే వేసుకుంటుంది. పరిమాణం మారుతుందే తప్ప లెక్క మారదు; కాబట్టి ఈ పద్ధతిని మొదట ఒక కళాశాల మీద ప్రయోగించి చూడడం మేలు.

నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు చేసిన తప్పు చెప్పడం ఇక్కడ అవసరం. సిలబస్ పుస్తకం ముందు పెట్టుకుని, ఏ గ్రూపుకు ఏ పేపర్లున్నాయో చూసి పట్టిక వేశాను. కాగితం మీద ఒక్క క్లాష్ కూడా లేదు. పరీక్షలకు నాలుగు రోజుల ముందు ఒక అమ్మాయి హాల్ టికెట్ పట్టుకుని వచ్చి, రెండు పేపర్లకూ ఒకే తేదీ, ఒకే సమయం ఉన్నాయని చూపించింది. అందులో ఒకటి బ్యాక్‌లాగ్, అంటే పాత సెమిస్టర్‌లో మిగిలిపోయిన పేపర్. నేను వాడిన పద్ధతిలో దోషమేమీ లేదు. దానికి నేను అందించిన సమాచారంలోనే ఆ అమ్మాయి లేదు. ఈ మార్గదర్శిలో సగం శ్రద్ధ ఆల్గారిథమ్ మీద కాక నామినల్ రోల్ మీద, అంటే ఎవరు ఏ పేపర్లకు ఫీజు కట్టారో చూపే జాబితా మీద, ఉండడానికి కారణం అదే.

ముందుగా నామినల్ రోల్

పరీక్ష ఫీజు గడువు ముగిసిన తర్వాత వచ్చే నామినల్ రోల్‌ను రెండే కాలమ్‌లున్న పట్టికగా మార్చండి: హాల్ టికెట్ సంఖ్య, పేపర్ కోడ్. ఒక విద్యార్థి ఆరు పేపర్లకు ఫీజు కడితే ఆరు వరుసలు వస్తాయి. రెగ్యులర్, బ్యాక్‌లాగ్, ఇంప్రూవ్‌మెంట్ అన్న తేడా ఇక్కడ అక్కరలేదు. పరీక్ష గదిలో కూర్చోవలసిన ప్రతి సందర్భమూ ఒక వరుస. దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ) ద్వారా చేరిన పిల్లలు పాత గ్రూపుల హద్దులు దాటి సబ్జెక్టులు కలుపుకుంటున్న ఈ రోజుల్లో, ఫలానా గ్రూపు అంటే ఫలానా పేపర్లే అని అనుకోవడం కూడా ప్రమాదమే.

ఎక్సెల్ ఇక్కడ తెలియకుండా దెబ్బ తీస్తుంది. హాల్ టికెట్ సంఖ్యను అది అంకెగా భావిస్తే ముందున్న సున్నాలు మాయమవుతాయి. పన్నెండు అంకెలు లేదా అంతకు మించి ఉన్న సంఖ్యను ఘాతరూపంలో చూపిస్తుంది. పదిహేను అంకెలు దాటితే చివరి అంకెలను సున్నాలుగా మార్చేస్తుంది. అప్పుడు ఇద్దరు విద్యార్థులు ఒక్కరైపోవచ్చు, లేదా ఒకే విద్యార్థి ఇద్దరుగా చీలిపోవచ్చు. రెండో రకం పొరపాటు మరీ చెడ్డది, ఎందుకంటే నిజంగా ఉన్న క్లాష్ అందులో కనబడకుండా పోతుంది. దత్తాంశాన్ని తెరవకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా నిర్ణయించండి.

తర్వాత పేపర్ కోడ్‌లను సరిచూడాలి. పాత రెగ్యులేషన్ (సిలబస్ నిబంధనల) వారికి ఒక కోడ్, కొత్త వారికి మరో కోడ్ ఉండి ప్రశ్నపత్రం మాత్రం ఒకటే అయితే, ఆ రెండింటినీ ఒకే పేపర్‌గా కలపాలి. లేకుంటే యంత్రం వాటిని వేర్వేరు రోజులకు పంపుతుంది, మొదటి రోజు రాసినవారి నుంచి ప్రశ్నలు రెండో రోజువారికి చేరతాయి. తెలుగు, హిందీ, ఉర్దూ వంటి ద్వితీయ భాషల పేపర్లను, ఒకే సెమిస్టర్‌వి అయితే, ఒకే గుంపుగా కట్టి ఒకే పూటకు పెట్టడం మంచిది. ఎవరూ రెండు భాషలు తీసుకోరు కాబట్టి అవి ఒకదానితో ఒకటి ఢీకొనవు.

క్లాష్ పట్టిక తయారీ

ఒక్కో హాల్ టికెట్ కింద ఉన్న పేపర్లను జతలు జతలుగా తీసి, ప్రతి జత పక్కన ఒకటి కలుపుతూ పోండి. ఆరు పేపర్లు రాసే విద్యార్థి నుంచి 15 జతలు వస్తాయి. పదకొండు రాసే విద్యార్థి నుంచి 55 వస్తాయి. అంటే బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోయిన కొద్దిమందే పట్టికలోకి ఎక్కువ క్లాష్ జతలు తెస్తారు. చివరికి ప్రతి జతకు ఒక సంఖ్య మిగులుతుంది: ఆ రెండు పేపర్లనూ రాసేవారు ఎందరు. ఆ సంఖ్య సున్నా అయితే రెండింటినీ ఒకే పూటలో పెట్టవచ్చు. ఒకటి అయినా సరే పెట్టకూడదు.

పేపర్లను చుక్కలుగా, క్లాష్ ఉన్న జతలను గీతలుగా గీస్తే అది గ్రాఫ్ అవుతుంది. గీతతో కలిసిన రెండు చుక్కలకు ఒకే రంగు రాకుండా, వీలైనన్ని తక్కువ రంగులు వాడి వాటన్నింటికీ రంగులు వేయగలిగితే, ఒక్కో రంగు ఒక్కో పరీక్ష పూట. వినడానికి పిల్లల ఆటలా ఉన్న ఈ సమస్య 1972లో రిచర్డ్ కార్ప్ చూపించిన 21 కఠిన సమస్యల్లో ఒకటి. పెద్ద గ్రాఫ్‌లన్నింటికీ కనిష్ఠ రంగుల సంఖ్యను త్వరగా, తప్పకుండా కనిపెట్టే పద్ధతి ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. పది పేపర్లను ఏడు పూటల్లో పెట్టడానికే 28,24,75,249 విధాలున్నాయి. వంద పేపర్లు, ఇరవై పూటలు అయితే ఆ సంఖ్యకు 131 అంకెలు వస్తాయి. అన్నీ ప్రయత్నించి చూద్దామనే ఆలోచన అక్కడే ఆగిపోతుంది. హ్యూరిస్టిక్ అవసరం అక్కడ మొదలవుతుంది.

పది పేపర్లతో చేతిలెక్క

ఒక కళాశాలను ఊహించుకుందాం. మూడో సెమిస్టర్‌లో ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) గ్రూపులో 60 మంది, ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ)లో 40 మంది, బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ)లో 60 మంది ఉన్నారు. అందరికీ ఇంగ్లిష్-3, తెలుగు-3 ఉన్నాయి. ఇవి కాక మ్యాథ్స్-3, ఫిజిక్స్-3, కంప్యూటర్స్-3, కెమిస్ట్రీ-3, బోటనీ-3, జువాలజీ-3 తమ తమ గ్రూపుల వారికి ఉన్నాయి. మ్యాథ్స్ ఉన్న రెండు గ్రూపుల్లోనూ కొందరికి మ్యాథ్స్-1, కెమిస్ట్రీ ఉన్న రెండు గ్రూపుల్లోనూ కొందరికి కెమిస్ట్రీ-1 మిగిలాయి. ఎంపీసీలో ఒకే ఒక్క విద్యార్థికి ఆ రెండూ మిగిలాయి.

పది పేపర్ల మధ్య 45 జతలు సాధ్యం. వాటిలో 35 జతలకు క్లాష్ ఉంది. ఒక్కో పేపర్ ఎన్నింటితో ఢీకొంటుందో లెక్కిస్తే ఇంగ్లిష్-3, తెలుగు-3లకు తొమ్మిదేసి. కెమిస్ట్రీ-3, కెమిస్ట్రీ-1లకు ఎనిమిదేసి. మ్యాథ్స్-3, ఫిజిక్స్-3, మ్యాథ్స్-1లకు ఏడేసి. కంప్యూటర్స్-3, బోటనీ-3, జువాలజీ-3లకు ఐదేసి వస్తాయి. వెల్ష్, పావెల్ 1967లో ప్రతిపాదించిన పద్ధతి ఈ వరుసనే వాడుకుంటుంది: ఎక్కువ క్లాష్‌లున్న పేపర్‌ను ముందు తీసుకుని, దానికి అడ్డు లేని మొట్టమొదటి పూటను ఇచ్చి, తర్వాతి పేపర్‌కు వెళ్లాలి. బస్సులో పెద్ద మూటలు ముందు సర్ది, చేతిసంచులను సందుల్లో దూర్చినట్టే. ఆ ప్రకారం వచ్చే పట్టిక ఇది.

1వ పూట: ఇంగ్లిష్-3
2వ పూట: తెలుగు-3
3వ పూట: కెమిస్ట్రీ-3, కంప్యూటర్స్-3
4వ పూట: కెమిస్ట్రీ-1
5వ పూట: మ్యాథ్స్-3, బోటనీ-3
6వ పూట: ఫిజిక్స్-3, జువాలజీ-3
7వ పూట: మ్యాథ్స్-1

ఇంతకంటే తగ్గించగలమా? ఇంగ్లిష్-3, తెలుగు-3, మ్యాథ్స్-3, ఫిజిక్స్-3, కెమిస్ట్రీ-3, మ్యాథ్స్-1, కెమిస్ట్రీ-1 అనే ఏడింటిలో ఏ రెండు తీసుకున్నా క్లాష్ ఉంది కాబట్టి ఏడు పూటలు తప్పవు. ఇలాంటి గుంపును వెతికి చూసుకోవడం మంచి అలవాటు. మన పట్టిక కనిష్ఠానికి ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. బ్యాక్‌లాగ్ పేపర్లు రెండూ లేకపోతే మిగిలిన ఎనిమిదింటికి ఐదు పూటలు చాలు. సిలబస్ చూసి వేసే పట్టిక ఆ ఐదు దగ్గరే ఆగిపోయి, తర్వాత ఈ రెండు పేపర్లనూ ఎక్కడో ఒకచోట ఇరికిస్తుంది. ఆ ఒక్క ఎంపీసీ విద్యార్థి లేకపోయినా, మ్యాథ్స్-1, కెమిస్ట్రీ-1 ఒకే పూటలో సర్దుకుని ఆరుతో సరిపోయేది. ఒక్కరి కోసం ఒక రోజు పెంచడమా అని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆ విద్యార్థి రెండింటికీ ఫీజు కట్టాడన్నదే దానికి జవాబు.

పేపర్లు పదుల నుంచి వందలకు పెరిగినప్పుడు ఈ స్థిరమైన వరుస కంటే డానియల్ బ్రెలాజ్ 1979లో ఇచ్చిన డీశాటర్ పద్ధతి సాధారణంగా మెరుగ్గా పనిచేస్తుంది. అందులో వరుస ముందుగా తేలదు. ప్రతి అడుగులోనూ ఏ పేపర్‌కు ఇప్పటికే ఎక్కువ పూటలు మూసుకుపోయాయో దానిని ముందు తీసుకుంటారు, సమానమైతే ఎక్కువ క్లాష్‌లున్నదానిని ఎంచుకుంటారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసిన వారికి నెట్‌వర్క్‌ఎక్స్ అనే ఉచిత లైబ్రరీలో ఈ రెండు పద్ధతులూ సిద్ధంగా ఉన్నాయి. క్లాష్ పట్టిక ఇస్తే పూటల సంఖ్యలు ఇస్తుంది. ఈ దశకు ప్రోగ్రామింగ్ శ్రమ ఎంతో ఉండదు.

కుర్చీల సంగతి కూడా ఇక్కడే చూడాలి. పై పట్టికలో 3, 5, 6 పూటల్లో రెగ్యులర్ విద్యార్థుల సంఖ్య 160కి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ప్రతి పూటలోనూ రెండు పేపర్లు కలిసి మూడు గ్రూపులనూ కప్పేశాయి. కేంద్రంలో అన్ని బల్లలు లేకపోతే, పూటను వెతికేటప్పుడు క్లాష్‌తో పాటు మిగిలిన సీట్లను కూడా పరీక్షించి, చాలకపోతే తర్వాతి పూటకు వెళ్లమని చెప్పాలి. ఒకే పూటలో రెండు వేర్వేరు పేపర్లుండడం వల్ల మరో లాభముంది: బోటనీ రాసే విద్యార్థి పక్కన మ్యాథ్స్ రాసే విద్యార్థిని కూర్చోబెడితే ఇన్విజిలేటర్ పని సగం తగ్గుతుంది.

పూటల వరుస: అసలు మెరుగుదల ఇక్కడే

రంగులు వేయడం వల్ల క్లాష్‌లు పోతాయి కానీ పిల్లలకు ఊపిరి సలుపుతుందన్న హామీ రాదు. రోజుకు ఒక పూట చొప్పున పరీక్షలు జరుగుతాయనుకుని, మన పట్టికలో ఒక ఎంపీసీ విద్యార్థి పరీక్షలు చూడండి: 1, 2, 3, 5, 6 రోజులు. మొదటి మూడూ వరుసగా వచ్చాయి. ఈ ఇబ్బందిని అంకెల్లో కొలవడానికి కార్టర్, లపోర్ట్, లీ 1996లో వాడిన కొలత బాగా ప్రసిద్ధం. ఒక విద్యార్థి రాసే రెండు పేపర్లు పక్కపక్క పూటల్లో ఉంటే 16, రెండు పూటల దూరమైతే 8, మూడైతే 4, నాలుగైతే 2, ఐదైతే 1 జరిమానా. అంతకు మించి దూరముంటే ఏమీ లేదు. ఈ విద్యార్థికి పది జతలున్నాయి. లెక్కిస్తే 77 వస్తుంది.

ఇప్పుడు పూటలను మొత్తంగా అటూఇటూ మార్చండి. ఒక పూటలోని పేపర్లన్నీ కలిసి కదులుతాయి కాబట్టి కొత్త క్లాష్ పుట్టదు. 3వ పూటను 4వ దానితో, 5వ పూటను 7వ దానితో మారిస్తే, కెమిస్ట్రీ-3, కంప్యూటర్స్-3 నాలుగో రోజుకు, కెమిస్ట్రీ-1 మూడో రోజుకు, మ్యాథ్స్-3, బోటనీ-3 ఏడో రోజుకు, మ్యాథ్స్-1 ఐదో రోజుకు వెళ్తాయి. మూడు గ్రూపుల రెగ్యులర్ విద్యార్థులకూ పరీక్షలు 1, 2, 4, 6, 7 రోజుల్లో పడతాయి. జరిమానా 77 నుంచి 60కి దిగుతుంది.

బ్యాక్‌లాగ్ ఉన్నవారి సంగతి ఏమైంది? కెమిస్ట్రీ-1 మిగిలిన వారికి పాత వరుసలో ఆరు రోజులూ వరుసగా పరీక్షలుండేవి, జరిమానా 129, ఇప్పుడు 106. వారికి మేలే జరిగింది. మ్యాథ్స్-1 మిగిలిన వారికి మాత్రం 104 నుంచి 106కు పెరిగింది. పాత వరుసలో వారికి నాలుగో రోజు ఖాళీ ఉండి, చివర మూడు పరీక్షలే వరుసగా వచ్చేవి. కొత్త వరుసలో 4, 5, 6, 7 రోజుల్లో నాలుగు పరీక్షలు వరుసగా రాయాలి. మొత్తం సగటు గొప్పగా తగ్గింది, కానీ అసలే వెనుకబడిన కొద్దిమంది మీద కొంచెం బరువు పెరిగింది. కంప్యూటర్ చూపించే ఒక్క సగటు అంకెలో ఇది ఎన్నటికీ కనబడదు. అందుకే సగటుతో పాటు అత్యధిక జరిమానా పడిన పది మంది హాల్ టికెట్లను కూడా తెర మీద చూపించేటట్టు ఏర్పాటు చేసుకోండి. నా అభిప్రాయంలో ఆ పది వరుసలే సగటు కంటే ఎక్కువ చెబుతాయి.

ఏడు పూటలకు 5,040 వరుసలే ఉంటాయి కాబట్టి ఇక్కడ అన్నింటినీ సరిచూడవచ్చు. ఇరవై పూటలైతే అది సాధ్యం కాదు; అప్పుడు స్థానిక శోధన కావాలి. ఉన్న పట్టికలో చిన్న మార్పు చేసి, జరిమానా తగ్గితే ఉంచుకుని, పెరిగితే వదిలేయడం అందులో అతి సులభమైన రూపం. దాని లోపం ఏమిటంటే, గుంటలో దిగిన బండిలా ఒకచోట ఇరుక్కుపోతుంది: ఏ ఒక్క మార్పు చేసినా జరిమానా పెరుగుతుంది, కానీ రెండు మూడు మార్పులు కలిపి చేస్తే తగ్గే దారి ఉంటుంది.

ఆ గుంట నుంచి బయటపడడానికి కిర్క్‌ప్యాట్రిక్, గెలాట్, వెకీ 1983లో ప్రచురించిన సిమ్యులేటెడ్ అనీలింగ్ పద్ధతి కొన్ని చెడు మార్పులను కూడా కావాలనే ఒప్పుకుంటుంది. కాల్చిన లోహాన్ని నెమ్మదిగా చల్లార్చితే దానిలోని అణువులు క్రమంగా కుదురుకున్నట్టు, ఇక్కడ ఉష్ణోగ్రత అనే ఒక అంకెను మెల్లగా తగ్గిస్తూ పోతారు. జరిమానా పెరిగినంత మొత్తాన్ని ఉష్ణోగ్రతతో భాగించి, ఆ ఫలితాన్ని రుణ ఘాతంగా 2.718 మీద వేస్తే ఒప్పుకునే అవకాశం వస్తుంది. జరిమానా 20 పెరిగినప్పుడు ఉష్ణోగ్రత 10 అయితే వందకు దాదాపు 13 లేక 14 సార్లు ఆ మార్పును ఒప్పుకుంటుంది. అదే ఉష్ణోగ్రత 2కు దిగితే లక్షకు నాలుగైదు సార్లే. ఉష్ణోగ్రతను 100 దగ్గర మొదలుపెట్టి ప్రతి మెట్టులో 0.99తో గుణిస్తే 1కి దిగడానికి సుమారు 460 మెట్లు పడతాయి. ఒక్కో మెట్టులో కొన్ని వేల మార్పులు ప్రయత్నించినా మామూలు కంప్యూటర్ భరిస్తుంది. తొందరపడి చల్లార్చడమే కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

గుంటర్ డ్యూక్ 1993లో ఇచ్చిన గ్రేట్ డెల్యూజ్ పద్ధతిని అర్థం చేసుకోవడం ఇంకా తేలిక. అనుమతించే జరిమానాకు ఒక మట్టం పెట్టి, వేసవిలో నాగార్జునసాగర్ నీటిమట్టం దిగినట్టు దానిని కొద్దికొద్దిగా దించుతూ, ఆ మట్టానికి లోబడిన ప్రతి మార్పునూ ఒప్పుకోవడమే. తిప్పవలసిన మరలు తక్కువ కాబట్టి మొదటిసారి చేసేవారికి నేను దీనినే సూచిస్తాను. 2007 అంతర్జాతీయ టైంటేబుల్ పోటీలో పరీక్షల విభాగంలో గెలిచిన తొమాష్ ముల్లర్ పద్ధతిలోనూ ఇదొక దశ. ఆయన పనిచేసిన యూనిటైమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది.

మార్పు అంటే ఏమిటో కూడా చెప్పాలి. పూటలను మొత్తంగా మార్చడం ఒకటి. ఒక పేపర్‌ను ఒక పూట నుంచి మరో పూటకు జరపడం రెండోది; దీని వల్ల తరచుగా క్లాష్ వస్తుంది. మూడోది ఆల్ఫ్రెడ్ కెంపే పేరు మీద ఉన్న గొలుసు. బోటనీ-3ని మ్యాథ్స్-3 పూట నుంచి ఫిజిక్స్-3 పూటకు జరిపితే అక్కడున్న జువాలజీ-3తో క్లాష్ వస్తుంది. అయితే జువాలజీ-3ని వెనక్కి, మ్యాథ్స్-3 పూటకు పంపండి. అక్కడ దానికి అడ్డు లేదు. గొలుసు అంతటితో ముగిసింది, పట్టిక శుద్ధంగానే ఉంది. పట్టిక నిండుగా ఉన్నప్పుడు ఈ గొలుసు మార్పు లేకుండా శోధన ముందుకు సాగడం కష్టం.

జరిమానాలు ఎవరు నిర్ణయించాలి

16, 8, 4 అనే అంకెలు ఎక్కడో పరిశోధకులు ఎంచుకున్నవి. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట కేంద్రానికి అమ్రాబాద్ వైపు నుంచి వచ్చే విద్యార్థికి, నల్లగొండ జిల్లాలో దేవరకొండకు చందంపేట తండాల నుంచి వచ్చే విద్యార్థినికి మధ్యాహ్నం పూట పరీక్ష సాయంత్రం ముగిసేసరికి ఆఖరి బస్సు ప్రశ్న ఎదురవుతుంది. అలాంటి కేంద్రాల్లో ఎక్కువమంది రాసే పేపర్లను మధ్యాహ్నానికి పెడితే అదనపు జరిమానా అని రాసుకోవచ్చు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర సాగే రోజుల్లో ఆర్టీసీ బస్సులు అటు మళ్లుతాయి. మాఘంలో చెర్వుగట్టు, మన్యంకొండ జాతరలు, రెండేళ్లకొకసారి సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతర జరుగుతాయి. ఆ తేదీలను సెలవుగా మూసేయాలా, లేక తక్కువమంది రాసే పేపర్లకు కేటాయించాలా అన్నది స్థానికంగా తేల్చుకోవలసిన విషయం. నేను రెండోదానివైపే మొగ్గుతాను.

ఎక్కువమంది రాసే పేపర్లు ముందు జరిగితే స్పాట్ వాల్యుయేషన్ త్వరగా మొదలుపెట్టవచ్చు. మన ఉదాహరణలో ఇంగ్లిష్, తెలుగు ముందే రావడం అందుకు అనుకూలమే. అలాగే ఒక విద్యార్థికి ఒకే రోజు ఉదయం, మధ్యాహ్నం రెండు పరీక్షలు రావడాన్ని పక్కపక్క రోజుల జరిమానా కంటే చాలా పెద్దదిగా పెట్టాలి. బ్యాక్‌లాగ్‌లన్నింటినీ మధ్యాహ్నాలకు నెట్టేసి రోజులు మిగుల్చుకునే అలవాటు వల్ల ఆ భారమంతా వారి మీదే పడుతుంది.

ఈ అంకెలను ప్రోగ్రాం రాసేవారికి వదిలేయకూడదు. పరీక్షల విభాగం, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు, వీలైతే హాస్టల్ వార్డెన్ కూర్చుని ఒక కాగితం మీద రాసి సంతకం చేయాలి. తర్వాత ఎవరైనా ఈ పేపర్ ఇక్కడెందుకు పడిందని అడిగితే చూపించడానికి ఆ కాగితం ఉంటుంది.

ప్రకటించే ముందు, ప్రకటించిన తర్వాత

ఈ పద్ధతుల్లో యాదృచ్ఛికత ఉంటుంది కాబట్టి ఒక్కసారి నడిపి వచ్చినదాన్ని తీసుకోకండి. వేర్వేరు ప్రారంభ సంఖ్యలతో (యాదృచ్ఛిక ఎంపికలను మొదలుపెట్టించే సీడ్‌లతో) పది ఇరవై సార్లు నడిపి, మంచివి రెండు మూడు కమిటీ ముందు పెట్టండి. ఎంచుకున్నదాని ప్రారంభ సంఖ్యను రాసి ఉంచండి, అప్పుడు అదే పట్టికను మళ్లీ పుట్టించి చూపించవచ్చు.

ఎంచుకున్న పట్టికను దాన్ని తయారుచేసిన ప్రోగ్రాంతోనే సరిచూడడం వృథా. నామినల్ రోల్ మూల ప్రతిని మళ్లీ తెరిచి, ప్రతి హాల్ టికెట్ ఎదుట తేదీ, పూట రాయించి, ఒకే హాల్ టికెట్‌కు ఒకే తేదీ, పూట రెండుసార్లు వచ్చాయేమో వేరే వ్యక్తి చూడాలి. దీనికి ఎక్సెల్‌లో, షరతులకు సరిపడే వరుసలను లెక్కించే కౌంట్‌ఇఫ్స్ ఫార్ములా ఒక్కటి చాలు. తర్వాత బ్యాక్‌లాగ్‌లు ఎక్కువున్న ఐదారుగురి హాల్ టికెట్లు ముద్రించి కళ్లతో చదవండి.

ఆలస్య రుసుముతో వచ్చే దరఖాస్తులు ప్రకటన తర్వాత కూడా చేరుతుంటాయి. అప్పుడు మొత్తం పద్ధతిని మొదటి నుంచి నడపకూడదు. చిన్న మార్పుకే పట్టికంతా తలకిందులై, ప్రయాణాలు, సెలవులు కుదుర్చుకున్న వందలమంది ఇబ్బంది పడతారు. కొత్త విద్యార్థి తెచ్చిన జతల్లో క్లాష్ ఉందేమో చూసి, ఉంటే ఆ రెండు పేపర్లలో తక్కువమంది రాసేదాన్ని మాత్రమే, కెంపే గొలుసు చిన్నదిగా ఉన్న పూటకు జరపాలి. ఇప్పటికే ప్రకటించిన తేదీ మారిన ప్రతి విద్యార్థికీ పెద్ద జరిమానా వేస్తే శోధన తనంతట తానే తక్కువ కదలికలున్న దారిని ఎంచుకుంటుంది.

భారీ వర్షాలకు సెలవు ప్రకటించడం, ఒక పూట రద్దు కావడం ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట జరిగేదే. పట్టిక చివర ఒకటి రెండు పూటలు ఖాళీగా ఉంచుకుంటే, ఆ రోజు పేపర్లను మొత్తంగా అక్కడికి తరలించవచ్చు. ఒకే పూటలోవి కలిసి కదిలినంతకాలం వాటి మధ్య క్లాష్ రాదు. ఆ ఖాళీ పూటలను ముందే టైంటేబుల్ అడుగున రిజర్వ్ దినాలుగా ముద్రించండి; లేకపోతే ఊరికి వెళ్లడానికి టికెట్ తీసుకున్న విద్యార్థి చివరి పరీక్ష తేదీ మారిందని బస్టాండ్‌లో తెలుసుకుంటాడు.